సౌండు సగానికే పెట్టాను

అరవై దాటాక నా చెవులు పదునెక్కుతున్నాయని కడపలో కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. టీ అంగట్లో చెప్పాను, మంగలి షాపులో చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను. కళ్ళకు అద్దాలొచ్చాయి, మోకాళ్ళకు నొప్పులొచ్చాయి, రక్తంలోకి చక్కెర వచ్చింది, చెవులు మాత్రం పాతికేళ్ళ వాడికి కూడా లేనంత చురుగ్గా ఉన్నాయని చెప్పాను. నేను గాలికి మాట్లాడే మనిషిని కాను. రుజువుంది. మా ఇంట్లో కంప్యూటరు పక్కన ఒక చిన్న నల్లపెట్టె ఉంది. దాని ముందు వైపు ఒక గుండ్రటి నాబు ఉంది. ఆ నాబే నా సాక్షి.

ఆ పెట్టెను హెడ్‌ఫోను యాంప్లిఫయరు అంటారు. నేను రిటైరైనప్పుడు మా అమ్మాయి ఒక పెద్ద హెడ్‌ఫోను కొనిచ్చింది. పెట్టుకుంటే రెండు దోసిళ్ళతో ఎవరో చెవులు మూసినట్టుంటుంది. "నాయనా, ఇంగ నువ్వు పెట్టే సౌండు నువ్వే ఇనుకో" అని చేతిలో పెట్టింది. ప్రేమతో ఇచ్చిందో, ఇరుగుపొరుగు తరఫున ఇచ్చిందో నేను అడగలేదు. తీరా కంప్యూటరుకు తగిలిస్తే సౌండు బావిలోంచి ఎవరో పిలిచినట్టు వచ్చింది. నాతో పాటు రిటైరైన స్నేహితుడొకడున్నాడు, బస్సు డిపోలో ఎలక్ట్రీషియనుగా చేసినవాడు. వాడొచ్చి చూసి, "పెద్ద హెడ్‌ఫోనప్పా ఇది. కంప్యూటరు బలం దీనికి చాలదు. మధ్యలో యాంప్లిఫయరు ఉండల్ల" అన్నాడు. తెప్పించాను.

అక్కణ్ణించి మొదలైంది పంచాయితీ. సౌండు పెంచడానికీ తగ్గించడానికీ ఇప్పుడు రెండు చోట్లున్నాయి. కంప్యూటరు తెర మీద కింద మూలన ఒక గీత, యాంప్లిఫయరు మీద నాబు. ఏది ఎంత పెట్టాలి? నా స్నేహితుడు క్షణం ఆలోచించలేదు. "కంప్యూటర్లో ఫుల్లు పెట్టి ఇడిసిపెట్టు. దాని జోలికి మళ్ళా పోవద్దు. ఎంత కావల్నో అంత ఈ నాబుతో తిప్పుకో. కాలవలో నీళ్ళు నిండుగా రానీయప్పా, మడికి ఎంత కావల్నో మడికాడ కట్టుకో" అన్నాడు.

శాస్త్రం వాడిదే కావచ్చు. కానీ నా అనుభవం నాకుంది. నేను ఉద్యోగమంతా కడప బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులను పిలిచాను. "ప్రయాణికులకు విజ్ఞప్తి. కమలాపురం, ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు వెళ్ళు బస్సు..." అని మీరెప్పుడైనా విని ఉంటే, అది విని కూడా పరుగెత్తకుండా బస్సు పోగొట్టుకుని ఉంటే, తప్పు నాది కాదు. ఆ మైకు పెట్టెకు కూడా రెండు నాబులుండేవి. ఏ ఒక్కటి నిండా తిప్పినా చాలు, బస్టాండంతా 'కుయ్య్' మని కేక. ఎండకు వాలిపోయి కూర్చున్న జనం ఉలిక్కిపడి లేచేవాళ్ళు, పసిపిల్లలు ఏడ్చేవాళ్ళు, కంట్రోలరు గదిలోంచి తిట్లు వినబడేవి. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్న బ్రహ్మవిద్య ఒకటే: ఏదీ నిండా తిప్పకూడదు.

కాబట్టి కంప్యూటర్లో గీతను సగానికి పెట్టాను. సరిగ్గా సగానికి. "సగం పెట్టినోడు ఎప్పుడూ చెడిపోలేదు" అని నా స్నేహితుడికి చెప్పాను. "నీ యిష్టమప్పా, ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి" అని వాడు వెళ్ళిపోయాడు.

నాబును గడియారం అనుకోండి. ఏడు గంటల దగ్గర మొదలవుతుంది, అక్కడ చప్పుడు ఉండదు. మొదటి రోజు పది గంటల దగ్గరికి తిప్పితే కంప్యూటర్లో పెట్టుకున్న వేణువు పాట హాయిగా వినబడింది. జీవితమంతా హారన్లు విన్న చెవులకు వేణువు ఎంత అవసరమో చెప్పినా మీకు అర్థం కాదు. మనసులో గుర్తు పెట్టుకున్నాను. పది గంటలు. అదే నా కొలత.

కొన్ని నెలలకు పది ఎక్కువనిపించింది. తొమ్మిదిన్నరకు తగ్గించాను. తర్వాత తొమ్మిది. వానాకాలం వచ్చి వాన రాకుండా పోయేసరికి ఎనిమిదిన్నర. రోజూ వినే వేణువే, రోజూ వినే పాటే. తక్కువ సౌండే సరిపోతోందంటే అర్థమేమిటి? చెవులు పదునెక్కుతున్నాయి! ఇన్నేళ్ళు బస్టాండు గోలలో మొద్దుబారి ఉన్నవి, రిటైరయ్యాక విశ్రాంతి దొరికి మళ్ళీ చిగురు వేస్తున్నాయి. ఇంత సిద్ధాంతాన్ని నా అంతట నేనే కనిపెట్టాను. దీన్ని నలుగురికీ చెప్పకుండా ఎలా ఉంటాను?

ఇల్లు మాత్రం ఈ వైభవాన్ని గుర్తించలేదు. ఇల్లంటే నా భార్య. ఆమెది కర్నూలు పక్క కోడుమూరు. ఆ ఊరి చర్చిలో ఆమె తాత పాట ఎత్తేవాడు, తర్వాత ఆమె తల్లి ఎత్తింది, తర్వాత ఈమె. పాట ఎత్తడమంటే తెలియనివాళ్ళకు చెబుతాను. అయ్యగారు ఫలానా కీర్తన పాడుకుందాం అంటారు. అందరూ పుస్తకాలు తెరుస్తారు గానీ ఎవరూ నోరు తెరవరు. ఒకరు మొదటి ముక్క అందుకోవాలి, సరైన శ్రుతిలో. మరీ పైన ఎత్తితే రెండో చరణానికి మగవాళ్ళంతా నోరు మూసుకోవాలి, మరీ కింద ఎత్తితే ముసలమ్మలు గొణుక్కోవాలి. పెళ్ళయి కడపకు వచ్చిన మొదటి ఆదివారమే ఎవరూ అడక్కుండానే ఈమె పాట ఎత్తింది. పెళ్ళిచూపుల్లో వంచిన తల ఎత్తని పిల్ల, చర్చిలో పాట ఎత్తింది! మగవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న నేను, ఈ గొంతు మా ఇంట్లోదే అని గర్వంతో పక్కవాడి కాలు తొక్కాను. ఆనాటి నుంచి మా చర్చిలో పాటంటే ఆమే.

అలాంటి మనిషి పాట ఎత్తడం మానేసింది. ఒక ఆదివారం గొంతు బాగాలేదంది. మరుసటి ఆదివారమూ అంతే. మిరియాల కషాయం కాచి ఇచ్చాను, తాగింది, మళ్ళీ గొంతు బాగాలేదంది. ఇంట్లో నన్ను కేకలేసేటప్పుడు ఆ గొంతుకు ఏ రోగమూ కనబడలేదు. అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైందనుకున్నాను. మా చర్చిలో కొత్తగా కీబోర్డు పెట్టారు, దాంతో పాటు రెండు పెద్ద స్పీకర్లు. ఇంతకాలం తన గొంతే శ్రుతి అయిన చోట ఒక కరెంటు పెట్టె వచ్చి శ్రుతి ఇస్తే ఆమె పౌరుషానికి తగలదా? కోడుమూరు పౌరుషం మామూలుదా? కోపం చల్లారాక తానే ఎత్తుతుందిలే అనుకున్నాను. నెలలు గడిచాయి. చర్చి మెట్ల మీద ముసలమ్మలు నన్ను పట్టుకుని, "ఏం నాయనా, అమ్మ ఇంగ పాట ఎత్తదా? ఆ కీబోర్డోడు ఎత్తితే మాకు అందడం ల్యా" అని అడిగేవాళ్ళు. నేను నవ్వి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. లోపల మాత్రం బాధగానే ఉండేది. ఆదివారమంటే నాకు ప్రసంగం కాదు, ఆ మొదటి ముక్క. అది లేకపోతే ఎందుకొచ్చానా అనిపించేది.

ఇంట్లో కూడా నన్ను లెక్కచేయడం మానేసిందని నా ఫిర్యాదు. నేను వాకిట్లోంచి ఒకటి చెబితే వంటింట్లోంచి 'ఊఁ' అంటుంది. ఆ 'ఊఁ' కు అర్థం ఉండదు. ఒకరోజు పొయ్యి దగ్గరకు వెనక నుంచి వెళ్ళి, "ఏమ్మే, పాలు పొంగుతాండాయి" అన్నాను.

"రానీలే, కూర్చోమను" అంది, కూరగాయలు తరుగుతూ.

పాలు వచ్చాయి, స్టవ్వు మీద, బండ మీద కూర్చున్నాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బస్టాండు మొత్తం నా మాటకు లేచి నిలబడేది, ఈ వంటింట్లో పాలకున్న విలువ నాకు లేదు! చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదన్నాడట. ఆ సామెత పైకే అన్నాను. ఆమె 'ఊఁ' అంది.

మా సీమలో ఒక సౌకర్యం ఉంది. ఇక్కడ ఎవరూ మెల్లగా మాట్లాడరు. ఇద్దరు అన్నదమ్ములు టమోటాల ధర గురించి మాట్లాడుకుంటుంటే పరాయి ఊరివాళ్ళు విడదీయడానికి వస్తారు. కడపలో మెల్లగా మాట్లాడితే వీడేదో దాస్తున్నాడని అనుమానిస్తారు. ఇలాంటి ఊళ్ళో ఎవరికి వినబడుతోందో, ఎవరికి వినబడడం లేదో కనుక్కోవడం ఎవరి తరం? అందరం అరుస్తాం, అందరికీ వినబడినట్టే ఉంటుంది.

ఇలా నా చెవులు దినదినాభివృద్ధి చెందుతుండగా ఒక సాయంత్రం పిడుగు పడింది. హెడ్‌ఫోను పెట్టుకుని నాబును కొత్త కొలతకు తిప్పాను. అప్పటికి ఎనిమిదికి కూడా రాకుండా, ఏడు దాటీ దాటకముందే సరిపోతోంది. వేణువు ఎడమ చెవిలో వినబడింది. కుడి చెవిలో లేదు. తల విదిలించాను. లేదు. చెవిలో వేలు పెట్టి తిప్పాను. లేదు. కుడి చెవి పోయింది!

అంత భయం నేనెప్పుడూ పడలేదు. మా నాయన చివరి రోజుల్లో చెవులు పోయి, పెళ్ళిళ్ళలో పందిరి గుంజ పక్కన కూర్చుని అందరి మొహాలూ చూసి నవ్వుతూ ఉండేవాడు. ఎవరు ఏమడిగినా "తిన్నా, తిన్నా" అనేవాడు. నా గతీ అదేనా అనిపించింది. ఆ హెడ్‌ఫోనును ఒక్కసారి అటుదిటు తిప్పి పెట్టుకుని ఉంటే సంగతి తేలిపోయేది, ఆ చప్పుడు లేనిది నా చెవిలోనా, దాని చెవిలోనా అని. భయపడ్డవాడికి బుద్ధి పనిచేస్తుందా?

కడపలో డాక్టరు దగ్గరకు వెళ్ళలేను. చెవుల గురించి అన్ని కోతలు కోసిన మనిషిని చెవుల డాక్టరు గుమ్మంలో చూస్తే టీ అంగడి వాళ్ళు వదిలిపెడతారా? "కోడుమూరుకు పోయి మీ అక్కను చూసొద్దాం పా" అన్నాను నా భార్యతో. మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. కర్నూలులో దిగాక, "ఊరికే ఒకపారి చెవి చూపించుకుంటా" అన్నాను. నా మొహం వైపు చూసి, "చెవా? ఎవురి చెవి?" అంది. గొంతులో ఏదో తేడా ఉంది. నాకు నా గొడవే ఎక్కువైపోయి పట్టించుకోలేదు.

చెవి డాక్టరు దగ్గర ఒక గాజు కిటికీ ఉన్న చిన్న గది. లోపల కూర్చోబెట్టి తలకు హెడ్‌ఫోను తగిలించి చేతికి ఒక బటను ఇచ్చారు. పరీక్ష చేసే అమ్మాయి కిటికీ అవతల ఒక మిషను ముందు కూర్చుంది. దానికీ ఒక నాబు. శబ్దం వినబడినప్పుడల్లా బటను నొక్కమంది. నేను గట్టిగా నొక్కాను, వెంటవెంటనే నొక్కాను.

"సార్, నేనింకా మొదలుపెట్టలేదు" అంది ఆ అమ్మాయి.

పరీక్ష అయ్యాక కాగితం చూసి, "మీ వయసుకు బాగానే ఉన్నాయి సార్. రెండూ సమానంగానే ఉన్నాయి" అంది. కుడి చెవి వినబడడం లేదమ్మా అన్నాను. "వినబడుతోంది సార్" అంది. నా చెవి గురించి నాకంటే ఆ అమ్మాయికే ఎక్కువ నమ్మకం.

సరే, బతికిపోయాం పద అని లేచాను. నా భార్య తలుపు దాటి బయటికి నడిచింది, తలుపు దానంతట అదే మూసుకుంది, చీర కొంగు అందులో ఇరుక్కుంది. ఆ అమ్మాయి వెనక నుంచి, "అమ్మా, ఆగండి, కొంగు" అంది. ఆమె ఆగలేదు. "అమ్మా! కొంగు చిరుగుతుంది!" అని మళ్ళీ గట్టిగా అంది. అద్దాల తలుపులోంచి చూస్తున్నాను. కొంగు లాగేదాకా ఆమె తిరగలేదు. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, లేచి వెళ్ళి ఆమెకు ఎదురుగా నిలబడి, "అమ్మా, మీరు కూడా ఒకసారి కూర్చోండి" అంది.

"నాకేమిటికి? ఆయనకు గదా చెవి బాగలేంది" అంది నా భార్య. అంటూనే నా వైపు చూసింది. బస్టాండులో దిక్కు తెలియనివాళ్ళు నా కిటికీ దగ్గరకు వచ్చి అలా చూసేవాళ్ళు. నేను ఏమీ చెప్పకముందే వెళ్ళి కూర్చుంది.

నేను ఈవల నిలబడి గాజులోంచి ఆమె చేతిని చూశాను. బటను మీద బొటనవేలు ఉంది. ఆ అమ్మాయి నాబు తిప్పింది. వేలు కదల్లేదు. ఇంకొంచెం తిప్పింది. వేలు కదల్లేదు. నొక్కవే, నొక్కు అనుకుంటున్నాను. ఆ నాబు తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది, చివరికెప్పుడో ఆ వేలు కదిలింది. రెండు చెవులూ బాగా తగ్గాయట. కొంతకాలంగా తగ్గుతూనే వస్తున్నాయట. మిషన్లు పెట్టుకోవాలట. డాక్టరు చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. ఆమె మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు.

కోడుమూరు వెళ్ళలేదు. కడప బస్సు ఎక్కాం. బస్సు మోతలో మాట్లాడాలంటే బస్సంతా వినేలా అరవాలి, అది నాకు చేతకాక కాదు, ఆ రోజు నోరు రాలేదు. నంద్యాల బస్టాండులో బస్సు ఆగి ఇంజను ఆపినప్పుడు ఆమే మొదలుపెట్టింది.

"ఆ మైకులో ఏమంటాండాడో నాకు ఒక్క ముక్క తెల్దు" అంది. "ఏడాదిగా ఇంతే. పాట ఎత్తితే కీబోర్డు యాడ పోతాందో, నేను యాడ పోతాండానో తెలియడం ల్యా. ఒకపారి ముందు వరసలో ఆడపిల్లలు నవ్వినారు. అయ్యగారు కండ్లు మూసుకున్యాడు. ఆ పొద్దే అనుకుంటి, ఇంగ చాలు అని."

"నాతో ఏమిటికి చెప్పల్యా?" అని ఆమె మొహానికి దగ్గరగా వచ్చి అడిగాను.

"నీతోనా?" అంది. "నువ్వేమో నీ చెవులు కత్తులైపోయినాయని ఊరూరా దండోరా ఏయబడ్తివి. నీ పక్కన నిలబడి నాకు ఇనపడల్యా అని ఏ మొగంతో చెప్పేదయ్యా?"

బస్సు కదిలింది. మైదుకూరు దాకా నేను కిటికీలోంచి బయటికే చూశాను. చూడ్డానికి బయట ఏమీ లేదు.

ఇంటికొచ్చాక కూడా నా అనుమానం నాకుంది. చెవులు బాగున్నాయని కాగితం ఇచ్చారు సరే, మరి కుడి పక్క వేణువు ఎక్కడికి పోయింది? మరుసటి రోజు హెడ్‌ఫోను పెట్టుకున్నాను. కాగితం బాగున్నాయన్న చెవులతోనే విన్నాను. కుడి పక్క చప్పుడు లేదు. నా స్నేహితుడికి ఫోను చేశాను.

"నాబు ఎంతలో పెట్టినావు?" అన్నాడు.

"అడుగునే. ఏడు దాటీ దాటకుండా."

"అదీ కత! అంత అడుగున పెడితే ఆ నాబు రెండు దిక్కులా సమానంగా ఇయ్యదప్పా. కుళాయి బొట్టుబొట్టుగా ఇడిస్తే ధార సక్కగా పడుతుందా? అంత అడుగుకు ఏమిటికి పోయినావు? కంప్యూటర్లో ఎంత పెట్టినావు?"

"సగం. నేను సగానికే పెట్టినా. నీకు తెలుసు గదా, నేనెప్పుడూ సగమే."

"సూసి చెప్పు."

"నేను పెట్టింది నాకు తెలీదా?"

"సూసి చెప్పప్పా సామీ!"

చూశాను. తెర మూలన గీత నిండా ఉంది. నూటికి నూరు.

నేను ఫోను పెట్టేశాను. ఇంతకాలంలో ఆ మూలకు ఒక్కసారి కూడా చూడలేదు. నేను సగానికి పెట్టాను కాబట్టి అది సగంలోనే ఉంటుంది! చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినవాణ్ణి నేను.

ఆ కంప్యూటరు నా ఒక్కడిది కాదు. సాయంత్రం నాది, పొద్దున నా భార్యది. సౌండు తీగకు దానికి ఒకటే రంధ్రం. పొద్దున ఆమె నా యాంప్లిఫయరు తీగ పీకి తన స్పీకర్ల తీగ పెట్టి, వీడియోలో స్త్రీల ప్రార్థన కూడికకు కూర్చుంటుంది. కోడుమూరు అక్క, ఇంకా నలుగురైదుగురు. ఆ స్పీకర్ల మీదున్న నాబు విరిగిపోయి చాలాకాలమైంది. సౌండు కావాలంటే తెర మీది గీతనే జరపాలి. ఆ వేళకు నేను ఇంట్లో ఉండను, వాకింగు పేరుతో టీ అంగట్లో ఉంటాను. అక్కడ నేను నా చెవులు ఎంత పదునెక్కాయో చెబుతున్న సమయంలోనే ఇక్కడ ఆమె వాళ్ళక్క మాట అందక గీతను ఇంకొంచెం పైకి జరుపుతోంది. సాయంత్రం నేనొచ్చి, సౌండు ఎక్కువనిపించి నాబును ఇంకొంచెం కిందికి తిప్పుతున్నాను. మరుసటి రోజు టీ అంగట్లో ఇంకో పావుగంట ఎక్కువ చెబుతున్నాను.

నా నాబు పది నుంచి తొమ్మిదికి, తొమ్మిది నుంచి ఎనిమిదికి దిగిన ప్రతిసారీ దిగింది ఆమె చెవి. ఇంత సరిగ్గా కొలిచే మిషను కర్నూలు డాక్టరు దగ్గర కూడా లేదు. రోజూ నా వేలి కింద తిరిగింది, నేను దాన్ని పండగ చేసుకున్నాను. కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఈ రెంటికీ మధ్య ఎక్కడో నవ్వు కూడా వచ్చింది.

మిషన్లకు ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "అవి పెట్టుకుంటే ముసిల్దాన్ని అంటారు" అంది. మిషన్లు లేకుండా ఎవరేమన్నా నీకు వినబడదు, పెట్టుకుంటేనే వినబడుతుంది, అప్పుడు తిరిగి తిట్టొచ్చు గదా అని నచ్చజెప్పాను. ఆ మాట బాగా పనిచేసింది. మళ్ళీ కర్నూలు వెళ్ళాం. ఆ అమ్మాయి చెవుల వెనక రెండు చిన్న మిషన్లు పెట్టి, వాటిని తన కంప్యూటరుకు కలిపి, గీతలు పైకీ కిందికీ జరుపుతూ, "అమ్మా, ఇది సరిపోతుందా?" అని అడిగింది.

"ఇంకొంచెం పెంచు తల్లీ" అన్నాను నేను.

"సార్, చెవులు అమ్మవి" అంది ఆ అమ్మాయి.

కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. చాలాసేపు గీతలు జరిగాయి. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఫ్యాను వైపు చూసింది. తన గాజులు తానే కదిపి విన్నది. నేను ఉండబట్టలేక, "ఏమ్మే, ఎట్లుండాది? ఇనపడతాందా?" అన్నాను, అన్నేళ్ళ అలవాటు గొంతుతో.

ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది. "ఏమయ్యా, అట్ల అరుస్తాండావు? నేనేమన్నా చెవిటిదాన్నా?"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. నాకు కోపం రావాలి గదా, రాలేదు.

మొదటి ఆదివారాలు చర్చిలో ఆమె నోరు తెరవలేదు. పుస్తకం తెరిచి, తల ఒక పక్కకు వంచి కూర్చునేది. ఏదో లెక్క సరిచూసుకుంటోందని నాకు తెలుస్తోంది, అడగలేదు. తర్వాత ఒక ఆదివారం అయ్యగారు కీర్తన చెప్పారు. కీబోర్డు ఆయన వేళ్ళు పెట్టబోయేంతలో ఆడవాళ్ళ వైపు నుంచి మొదటి ముక్క వచ్చింది. పాత గొంతే, కానీ పాత ఎత్తులో లేదు. మెల్లగా, ఇంట్లో పని చేసుకుంటూ పాడుకునేంత మెల్లగా ఎత్తింది. ఆ స్పీకర్ల కింద ఆ గొంతు వినబడాలంటే వేరే దారి లేదు, కీబోర్డు ఆయన తన సౌండు తగ్గించాడు. మగవాళ్ళం గొంతులు తగ్గించాం. అరవడం తప్ప తెలియని మా చర్చి మొత్తం ఆమె వెనకాలే మెల్లగా నడిచింది. నేను పక్కవాడి కాలు తొక్కాను. ఆయన తిరిగి తొక్కాడు.

నా స్నేహితుడు ఇప్పటికీ ఇంటికొచ్చినప్పుడల్లా, కంప్యూటర్లో ఫుల్లు పెట్టి వదిలెయ్యి, నాబుతోనే తిప్పుకో, అదే శాస్త్రమని పోరుతున్నాడు. శాస్త్రం అదే. వాడికి దండం పెడతాను గానీ ఆ పని చేయను. తెర మీది గీత ఆమెది. పొద్దున ఆమె ఎక్కడ వదిలితే సాయంత్రం అక్కడే ఉంటుంది. నేను కూర్చోగానే ముందు ఆ మూలకు చూస్తాను.

మిషన్లు వచ్చిన కొత్తలోనే ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, "ఏందయ్యా ఇది, ఇట్ల అరుస్తాంది" అని ఆ గీతను కిందికి లాగేసింది. ఇప్పుడు అది సగం దగ్గర ఉంటోంది. దాంతో నా గొప్ప చెవులు మళ్ళీ మామూలు చెవులైపోయాయి. పది గంటల దాకా తిప్పితే గానీ వేణువు వినబడడం లేదు. దేవునికి స్తోత్రం.